పింగాణీ గిన్నె, ఫ్లీస్ బొంత

హైదరాబాద్ నల్లగండ్లలో గినీ పిగ్‌ను పెంచాలంటే డబ్బుకన్నా ముందు ఓపిక కావాలి. దానికి కావలసినవి చూస్తే రెండే: తినడానికో గిన్నె, పడుకోవడానికో పక్క. ఈ రెండింటి మీదా అభిప్రాయం లేని మనిషి మా అపార్ట్‌మెంట్‌లో లేడు.

మనవరాలు మొదట కుక్కను అడిగింది. కోడలు వద్దంది. పిల్లినడిగితే కొడుకు వద్దన్నాడు. బేరం సాగిసాగి చివరికి రెండు గినీ పిగ్‌ల దగ్గర తెగింది. ఒక్కదాన్నే ఉంచితే దిగులు పెట్టుకుంటుందట, జంట ఉండి తీరాలట. మనవరాలు వాటికి కోకో, మోచా అని పేర్లు పెట్టింది. మా ఆవిడ మాత్రం బుడ్డిది, పొట్టిది అంటుంది. అవి ఆ పేర్లకే పలుకుతాయి, ఎందుకంటే కొత్తిమీర ఆవిడ చేతిలో ఉంటుంది.

నేను మిర్యాలగూడ దగ్గర పల్లెలో బర్రెల మధ్య పెరిగినవాణ్ని. బర్రెకు ఒక కుడితి తొట్టి, కింద ఇంత గడ్డి. ఈ తొట్టి నా ఆరోగ్యానికి మంచిదేనా అని ఏ బర్రే అడగలేదు, మేమూ ఏ గూగుల్‌నీ అడగలేదు. ఇక్కడ నా కొడుకు గిన్నెల కోసం ఎక్సెల్ షీట్ తెరిచాడు. బరువు, ఎత్తు, అంచు మందం, రేటింగు. వాడి పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని కాలమ్‌లు లేవు.

ముందుగా వచ్చింది గులాబీ రంగు ప్లాస్టిక్ గిన్నె, దాని మీద క్యారెట్ బొమ్మ. తెల్లారేసరికి దాని అంచు పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లాడి పెన్సిల్‌లా అయింది. ఈ జీవి పళ్లు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి, అందుకే ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి. ఆ కొరికిన ప్లాస్టిక్ ముక్కలు పొట్టలోకి పోతే పేగులకు ప్రమాదం. సరేనని స్టీలు గిన్నె పెట్టాం. కొరకడం కుదరలేదు కాబట్టి తిరగేయడం మొదలుపెట్టాయి. ముందుకాళ్లు రెండూ అంచు మీద వేసి, పొలిటికల్ మీటింగులో మైకు పట్టుకున్నట్టు నిలబడతాయి. గిన్నె బోర్లాపడి టైల్స్ మీద గిరగిరా తిరుగుతుంది. అర్ధరాత్రి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్: "పై ఫ్లోర్‌లో ఎవరో ఈ టైమ్‌లో అంట్లు తోముతున్నారు. దయచేసి గమనించగలరు."

అప్పుడు మా ఆవిడ అటక మీంచి రాచిప్ప దించింది. "దీన్ని తిరగేయమను చూద్దాం" అంది. నిజమే, పులుసు కాచే రాచిప్పను తిరగేయడం మా కొడుక్కే కష్టం. కానీ అది బలపపు రాయి, గోటితో గీరినా గీత పడేంత మెత్తన. మన తెలుగు పిల్లల్లో బలపం తినకుండా ఒకటో తరగతి దాటినవాళ్లెందరు? పాలపళ్లున్న మనమే ఆగలేకపోతే, ఉలిలాంటి పళ్లున్న వీటిని ఎవరాపుతారు? రాచిప్ప మళ్లీ అటకెక్కింది.

ఎక్సెల్ షీట్ చివరికి తేల్చింది పింగాణీ. బరువుంటుంది, కొరుకుడు పడదు, కడిగితే వాసన పట్టదు. గడ్డం ఆనేంత తక్కువ ఎత్తు, కదలనంత వెడల్పు ఉండాలి. రోడ్డు పక్కన అమ్మే రంగురంగుల అలంకారపు పింగాణీ కాదు, ఆ మెరుపు పూతలో సీసం ఉండొచ్చు, మనం అన్నం తినే రకమే కావాలి. ఇంత పరిశోధన చేసి ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టబోతుంటే కోడలికి గుర్తొచ్చింది, దీపావళికి కొడుకు ఆఫీసులో ఇచ్చిన చట్నీ గిన్నెల సెట్టు పెట్టె కూడా విప్పకుండా అలాగే ఉందని. ఇప్పుడు కంపెనీ లోగో మీద రోజూ పెల్లెట్లు పడుతున్నాయి. ఆ సంస్థలో ఇంత క్రమం తప్పకుండా జీతం అందుకుంటున్నవాళ్లు ఈ ఇద్దరే అని మా వాడి బాధ.

నీళ్లకు మాత్రం గిన్నె కాదు, సీసాయే మేలు. గిన్నెలో నీళ్లు పెడితే గంటలో అందులో గడ్డీ పెంటికలూ తేలుతాయి. సీసాలో విటమిన్ చుక్కలు కలపమని ఒకాయన సలహా ఇచ్చాడు కానీ, విటమిన్ సి నీళ్లలో తొందరగా పాడైపోతుంది, పైగా రుచి మారితే అవి నీళ్లు తాగడమే మానేయొచ్చు. క్యాప్సికం ముక్క పెడితే పని అయిపోతుంది. మనిషిలాగే ఈ జంతువు ఒంట్లో కూడా విటమిన్ సి తయారుకాదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిష్ అనే ఇద్దరు బెరిబెరి తెప్పిద్దామని గినీ పిగ్‌లకు ఉత్త ధాన్యం పెడితే వాటికి స్కర్వీ వచ్చింది. ఆ పొరపాటు పుణ్యమా అని విటమిన్ సి దారి దొరికింది. మన తార్నాకలో, 1958లో కూనూరు నుంచి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో, ప్రయోగాల కోసం వీటిని పెంచారు కూడా. కాబట్టి హైదరాబాద్‌కు గినీ పిగ్‌లు కొత్త కాదు, వాటికి ఏసీ వేయడమే కొత్త. మే నెలలో మనకు నలభై డిగ్రీలు దాటితే చెమట పడుతుంది, వాటికి చెమట పట్టదు, ముప్పై దగ్గరే ప్రాణం మీదికొస్తుంది. కరెంటు బిల్లు చూసి నేను ఏమీ అనలేదు. అదే గదిలో నేనూ పడుకుంటాను.

ఇక పక్క. నల్లగండ్లలో ఏ రోజు చూసినా ఏదో ఒక కొత్త ఫ్లాట్‌లో ఇంటీరియర్స్ పని నడుస్తూనే ఉంటుంది. కార్పెంటర్ ఒక బస్తాడు రంపపు పొట్టు ఊరికే ఇస్తానన్నాడు. అది ఏ చెక్కదని అడిగితే "ప్లైవుడ్, ఎండీఎఫ్, అన్నీ కలిపే సార్" అన్నాడు. అంటే చెక్క సగం, జిగురు సగం, పైగా గాలికి లేచే దుమ్ము. వీటి ఊపిరితిత్తులు అసలే సున్నితం. ఘుమఘుమలాడే దేవదారు పొట్టు అయినా పనికిరాదు, ఆ వాసనే వాటికి చేటు.

"మిర్యాలగూడల మిల్లోళ్లకు ఫోన్ కొడితే ఊక బస్తాలు పంపిస్తరు గదా" అంది మా ఆవిడ. ఊక సన్నగా గుచ్చుకుంటుంది, వరిగడ్డి మొనలు కళ్లలో పొడుస్తాయి. పేపరు పరిస్తే తడిసి ముద్దవుతుంది, ఆరిన ముక్క ఏదైనా మిగిలితే తినేస్తాయి. మా పొట్టిది సంపాదకీయం పేజీ దాకా వచ్చి ఆగింది, దాని విచక్షణకు మెచ్చుకున్నాను. తీగల అడుగున్న పంజరమైతే అంతకన్నా అన్యాయం, అరికాళ్లు పుండ్లు పడతాయి.

చివరికి ఫ్లీస్ దుప్పటి ఖాయమైంది. తడిని కిందికి వదిలి పైన పొడిగా ఉంటుంది, కింద వేసిన పాత టర్కీ తువ్వాళ్లు ఆ తడిని పీల్చుకుంటాయి. కొత్త ఫ్లీస్ మీద నీళ్లు తామరాకు మీదలా జారిపోతాయి, కాబట్టి ముందే నాలుగైదు సార్లు ఉతకాలి, కంఫర్ట్ లాంటివి వేయకుండా. మా ఆవిడ రెండింటినీ కలిపి బొంత కుట్టింది. కాలికి చుట్టుకునే దారం ఒక్కటి కూడా వేలాడకుండా అంచులు మడిచింది. నా కోసం కుట్టిన బొంతకు ఇంత శ్రద్ధ చూపించిన గుర్తు లేదు.

రోజూ పెంటికలు ఊడ్చి, మూడు నాలుగు రోజులకోసారి బొంత మార్చాలి. గడ్డీ వెంట్రుకలూ దులపకుండా వాషింగ్ మెషీన్‌లో వేస్తే కోడలు ఊరుకోదు. దులిపితే కింది ఫ్లాట్ వాళ్లు ఊరుకోరు. ఉతికింది బాల్కనీలో ఆరేస్తే, ఎలివేషన్ చెడిపోతోందని అసోసియేషన్ నోటీసు పంపింది. రూల్లో బట్టలు అని ఉంది కానీ బొంతలు అని లేదని మా వాడు జవాబు రాశాడు. దాంతో ఈ విషయం నెలవారీ మీటింగు అజెండాలో నీళ్ల ట్యాంకర్ల తర్వాతి అంశంగా చేరింది.

మీటింగుకు ముందురోజు అసోసియేషన్ పెద్దమనిషి నన్ను లిఫ్టులో ఆపాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "సార్, మా మనవడు కూడా ఒక జంటను తెచ్చుకున్నాడు. మేడమ్ గారు ఆ బొంతలు ఇంకోటి కుట్టి ఇస్తారా?" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడ సైజు అడగమంది. బాల్కనీ సంగతి తేలాకే రేటు చెబుతానంది.