అట్ట ఊడిన పక్షుల పుస్తకం

నా అట్ట మద్రాసు మూర్ మార్కెట్‌లోనే ఊడిపోయింది. లోపలి పేజీలు మాత్రం భద్రం. సలీం అలీ రాసిన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ని నేను. 1941లో బొంబాయిలో మొదలైన వంశం మాది. కోడంబాకంలో సౌండ్ అసిస్టెంటుగా తిరిగే కుర్రాడొకడు పాతపుస్తకాల కొట్లో బేరమాడి నన్ను కొన్నాడు. 1985లో ఆ మార్కెట్ తగలబడింది. అప్పటికే అతని ట్రంకుపెట్టెలో చేరాను కాబట్టి బతికిపోయాను. సినిమావాళ్లు ఒక్కొక్కరే హైదరాబాద్ చేరుతుంటే మేమూ రైలెక్కాం. ఆ కుర్రాడే ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లో మా సారు. మిక్సింగ్ గది బయట అలమరలో నా కాపురం.

మేం వచ్చేనాటికి ఇక్కడ బంగళాల కన్నా బండలే ఎక్కువ. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్! పునాదుల కోసం దాన్ని పేలుస్తుంటే ఆ మోతల్ని సారు టేపు మీదికెక్కించి ఫైట్లకు వాడుకున్నారు. దండగ పోనివ్వలేదు పాపం. చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవిని 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి పేరుతో జాతీయ వనం చేశారు. అది లేకపోతే జూబ్లీహిల్స్‌లో నెమలిని సెట్ ప్రాపర్టీగా తెచ్చుకోవాల్సి వచ్చేది.

నన్ను రాసినాయనకు ఈ నేల పాత పరిచయమే. 1931లో నిజాం రాజ్యంలోని పక్షులను లెక్కకెక్కించే పని పెట్టుకున్నాడు. జీతం అక్కర్లేదు, ఖర్చులు భరిస్తే చాలన్నాడు. ఏ పిట్ట ఎక్కడ, ఏ తేదీన కనిపించిందో రాసుకుంటూ ఊరూరా తిరిగాడు. తేదీ వేయడమన్న ఆ అలవాటు సారుకీ అంటింది. నా మార్జిన్ల నిండా పెన్సిలు గీతలే: మొదటి వాన పడిన రోజు, తీతువు అరిచిన రాత్రి, పార్కు గోడ మీద కౌజు.

అలమరలో నా పొరుగువాళ్లంతా ఈ కోవలోవాళ్లే. నాకు బాగా ఇష్టమైనవాడు ఎం. కృష్ణన్. ‘స్టేట్స్‌మన్’ పత్రికలో 1950 నుంచి, 1996లో కన్నుమూసేదాకా, ‘కంట్రీ నోట్‌బుక్’ అనే శీర్షిక నడిపాడు. ఆ వ్యాసాల సంకలనం నా కుడిపక్కనే ఉంటుంది. ఆయన రాయడానికి పులే కనిపించనక్కర్లేదు, కాకి చాలు. దాన్ని పొగడడు, దాన్ని చూసి కన్నీళ్లూ పెట్టుకోడు. అదేం చేసిందో చెప్తాడు. చదివినవాళ్లు పుస్తకం మూసి కిటికీ దగ్గరికి వెళ్తారు. అడవి అనగానే ఆకుపచ్చ స్వర్గమంటూ ఊగిపోయే రచనలు నాకు గిట్టవు. వాటిలో ఒక్క చెట్టుకూ పేరుండదు.

ఎడమపక్కన ‘పిట్ట’ సంచికల కట్ట. 1980లో పుట్టిన ఆంధ్రప్రదేశ్ బర్డ్‌వాచర్స్ సొసైటీవాళ్ల పత్రిక. ఆ సంఘమే ఇప్పటి డెక్కన్ బర్డర్స్. ఆదివారం ఏ చెరువుకెళ్లారు, ఏం చూశారు, అంతే. కానీ ఏళ్ల తరబడి వరసగా చదివితే, ఏ చెరువు ఎప్పుడు ఎండిందో, ఏ బాతు రావడం మానేసిందో కథలా తెలుస్తుంది.

శాస్త్రజ్ఞులు అంతరించిందనుకున్న కలివికోడి గురించి కత్తిరించి పెట్టుకున్న కాగితాలు నా మధ్యలోనే ఉన్నాయి. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఐతన్న అనే ఆయన దాన్ని పట్టుకున్నాడు. ఐతన్న పుస్తకం రాసుంటే ఈ అలమరలో పైఅర ఆయనదే.

‘వనవాసి’ కూడా ఉంది, బిభూతిభూషణ్ ‘ఆరణ్యక్’కి సూరంపూడి సీతారాం చేసిన తెలుగు. అందులో యుగళప్రసాద్ ఎక్కడెక్కడి పూలమొక్కలో తెచ్చి, ఎవరూ అడగకుండానే అడవిలో నాటుతుంటాడు. ఆ పేజీల్లోకి వచ్చాక సారు ఫోనెత్తరు.

మొన్న ఒక అసిస్టెంట్ డైరెక్టర్ వచ్చాడు.

“అన్నా, ముగ్గులేస్తుంటది హీరోయిన్. వెనకాల కోకిల పెట్టేద్దామా?”

“సంక్రాంతికి కోకిల ఎందుకు కూస్తుందిరా? ఎండలు ముదరాలి. పైగా ‘కుహూ’ అనేది మగది. ఆడది కిక్కిక్‌మంటుంది.”

“ఎవరికి తెలుస్తదన్నా?”

సారు నన్ను తీసి అతని ఒళ్లో పడేశారు. హాలీవుడ్‌వాళ్లు టార్జాన్ సినిమాల్లో ఆఫ్రికా అడవికి ఆస్ట్రేలియా కూకబురా నవ్వును అతికించిన సంగతీ చెప్పారు. కుర్రాడు నవ్వాడు గానీ, పేజీలు తిప్పడం మానలేదు. జెముడుకాకి దగ్గర ఆగి, “ఇది మా ఇంటెనక కంచెలో ఉంటదన్నా” అన్నాడు. పెన్సిలు అడిగి తీసుకున్నాడు.

సినిమాలో మాత్రం కోకిలే కూసింది. డైరెక్టరుగారు వినలేదట.