పదకొండు పేజీలు

విశ్వనాథ సత్యనారాయణగారు 1934లో ‘వేయిపడగలు’ నవలని 29 రోజుల్లో పూర్తి చేశారని చెబుతారు. నేను దాన్ని 30 ఏళ్ళుగా చదువుతున్నాను. పదకొండో పేజీలో ఉన్నాను.

ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది: గోల. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బ్యాంకు కౌంటరు గోల. రిటైరయ్యాక పక్కింటి మిక్సీ, పై వాటాలో పిల్లల పరుగులు, శ్రావణమాసం వస్తే గుడి మైకు. అందుకని డాలస్‌లో ఉన్న మా అమ్మాయి టిక్కెట్లు పంపగానే నాకు ముందు తట్టింది మనవడు కాదు, పుస్తకం. ఫోను మోగదు, కాలింగ్ బెల్లు మోగదు, గ్యాసు బండ రాదు. శంషాబాద్‌లో ఎక్కి గల్ఫ్‌లో మారితే, రెండో విమానంలోనే పదహారు గంటలు. పుస్తకం సంగతి ఇటో అటో తేలిపోవాలి.

విమానంలో కూడా గోల ఉంటుందని తెలుసు. అందుకే సరంజామాతో వెళ్ళాను: చెవుల్లో పెట్టుకోడానికి మెడికల్ షాపులో కొన్న పసుపుపచ్చ స్పాంజి బిళ్ళల జత ఒకటి, చప్పుడు మింగేస్తుందని మా అల్లుడు పంపిన హెడ్‌ఫోన్ ఒకటి. తీరా మా సీట్లు రెక్క దాటాక బాగా వెనక, బాత్రూమ్ పక్కన. ఇంజను హోరు ముందు వరసలకన్నా వెనకే ఎక్కువ. మామూలుగా విమానంలో 80, 85 డెసిబెల్స్ చప్పుడు ఉంటుందంటారు. సీట్లు మా ఆవిడే ఎంచింది. తనని అనడానికి లేదు, షుగరు నాది.

బిళ్ళల డబ్బా మీద 33 డెసిబెల్స్ తగ్గిస్తుందని ఉంది. వెనక బొమ్మలు వేసి మరీ ఎలా పెట్టుకోవాలో చూపించాడు. చలాన్లు ఎలా నింపాలో 34 ఏళ్ళు జనానికి చెప్పినవాణ్ణి, నాకు బొమ్మలెందుకని అలాగే నొక్కేశాను. సగం లోపల, సగం బయట. హోరు హోరులాగే ఉంది. మా ఆవిడ ఓసారి చూసి, “కొమ్ములు మొలిచాయండీ” అంది. అవతలి వరసలో పిల్లాడు వాళ్ళమ్మకి నన్ను వేలు పెట్టి చూపించాడు.

అప్పుడు బొమ్మలు చూశాను. బిళ్ళని వేళ్ళ మధ్య అగరొత్తి పుల్లంత సన్నగా నలపాలి. రెండో చెయ్యి తల మీదుగా తెచ్చి చెవిని పైకి లాగి పట్టుకోవాలి. దూర్చాక అరనిమిషం వేలు తియ్యకూడదు, లోపల అది మెల్లగా ఉబ్బి దారి మూసేస్తుంది. అలా చేస్తే నిజంగానే లోకం దూరంగా జరిగింది. కానీ ఆ ఖాళీలోకి నేనొచ్చి కూర్చున్నాను. జంతిక కొరికితే రోడ్డు రోలరు కంకర మీద పోతున్నట్టుంది. మింగితే మోటారు ఆన్ చేసినట్టుంది. మాట్లాడితే బావిలోంచి నా గొంతే నాకు తిరిగొస్తోంది. చెవి మూసేస్తే మన గొంతు ఎముకల్లోంచి లోపలే మోగుతుంది, అరుస్తున్నామేమో అనుకుని మనం స్వరం తగ్గించేస్తాం. అన్నం బండి వచ్చింది. ఆ అమ్మాయి ఏదో అడిగింది. “వెజ్” అన్నాను. నా తల నిండా గంట కొట్టినట్టు మోగింది. ఆ అమ్మాయికి మాత్రం ఏం వినపడిందో, కోడికూర పెట్టి వెళ్ళింది. పెరుగూ బన్నూ తిని పదో పేజీ రెండుసార్లు చదివాను.

రెండో విమానంలో హెడ్‌ఫోన్ తీశాను. ఈ విద్య వెనక ఒక విమాన ప్రయాణమే ఉంది. 1978లో జూరిక్ నుంచి బోస్టన్ వెళ్తూ అమర్ బోస్ అనే ఇంజినీరు విమానంవాళ్ళిచ్చిన హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. హోరు మధ్య పాట సరిగ్గా వినపడలేదు. మనలాంటివాడైతే విసుక్కుని పడుకునేవాడు. ఆయన కాగితం తీసి, దిగేలోపు లెక్కలు కట్టేశాడు. పైలట్ల కోసం హెడ్‌సెట్ బజారుకి రావడానికి 1989 దాకా పట్టింది, అది వేరే సంగతి. కిటుకు మా బ్యాంకువాళ్ళకి తేలిగ్గానే అర్థమవుతుంది. బయటి చప్పుడుని చిన్న మైకు వింటుంది, దానికి సరిగ్గా తిరగేసిన చప్పుడుని హెడ్‌ఫోన్ పుట్టిస్తుంది. డెబిట్‌కి అంతే క్రెడిట్ పడి ఖాతా సున్నా అవుతుంది.

మీట నొక్కగానే ఇంజను మాయమైంది. కళ్ళల్లో నీళ్ళొచ్చినంత పనైంది. పదకొండో పేజీ తిప్పాను.

“...పిల్లాడు ఆస్టిన్‌లో ఉంటాడు, ఎత్తు అయిదూ పదకొండు...”

వెనక సీటులో ఒక పెద్దావిడ. అచ్చ తెలుగు. చెవిలో చెప్తున్నట్టుంది. నాకు తెలియని సంగతేమిటంటే, ఈ యంత్రం పని ఒకే రాగంలో సాగే హోరు దగ్గరే. క్షణక్షణానికీ మారే మాట దానికి అంతగా చిక్కదు. ఇంతసేపూ ఆవిడ గొంతుకి ఇంజను ముసుగేసి ఉంచింది. అల్లుడు డబ్బు పెట్టి కొన్న సామానుతో ఆ ముసుగు నేనే లాగేశాను.

గంటసేపు నవల్లో ధర్మారావుని అక్కడే నిలబెట్టాను. ఆవిడ చెల్లెలి కూతురు షికాగోలో ఉద్యోగం చేస్తోంది. తెనాలి సంబంధం. కట్నం వద్దన్నారు, కానీ పొలం సంగతి మూడుసార్లు అడిగారు. పిల్లాడికి మాట్లాడ్డం రాదు, వాళ్ళమ్మకి ఆపడం రాదు. “మొన్న వీడియో కాల్‌లో వాళ్ళమ్మ ఒక మాటందండీ. దానికి మా పిల్ల ఏమందో తెలుసా...”

నేను సీటుకి తల ఆనించి, ఊపిరి బిగబట్టి వింటున్నానని సరిగ్గా అప్పుడే గమనించుకున్నాను. సిగ్గేసింది. నా మీద రావాల్సిన కోపం ఆవిడ మీదికి మళ్ళింది. ఫోనులో వాన చప్పుడు పెట్టి ఆఖరి గీత దాకా పెంచాను. జడివాన. ఆ వానలో మా ఆవిడ వైపు వంగి గుసగుసగా అన్నాను: “వెనకావిడ నోటికి మూత లేదేమే! ఎక్కిన దగ్గర్నుంచీ వాయిస్తూనే ఉంది.”

గుసగుస అనుకున్నది నేనొక్కణ్ణే. ముందు మూడు వరసల తలలు తిరిగాయి. మా ఆవిడ మొహం తువ్వాలులో దాచుకుంది.

1911లో ఎతియెన్ లోంబార్డ్ అనే ఫ్రెంచి చెవి డాక్టరు ఈ సంగతి రాసిపెట్టాడు: చెవుల్లోకి చప్పుడు పోస్తే మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడని. చెవుడు నటించేవాళ్ళని పట్టుకోడానికి ఈ చిట్కా వాడేవారు. నిజంగా చెవుడైతే ఎంత చప్పుడు పోసినా గొంతు పెరగదు కదా. నాకు చెవుడు లేదని ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున సాక్షుల ఎదుట రుజువైంది. మొదటి విమానంలో గొణిగి కోడికూర తెచ్చుకున్నాను, రెండో దాంట్లో అరిచి పరువు పోగొట్టుకున్నాను.

హెడ్‌ఫోన్ తీశాను. వెనక నిశ్శబ్దం. తర్వాత చాలా మెల్లగా, “వదినగారూ, అన్నయ్యగారికి చెప్పండి, ఇక మాట్లాడనులెండి” అని వినపడింది.

అన్న మాట మీద నిలబడింది మహాతల్లి. ఇంకా పది గంటల పైచిలుకు ప్రయాణం, చేతిలో పుస్తకం, చెవిలో నిశ్శబ్దం. ముప్పై ఏళ్ళుగా దేని కోసం ఏడ్చానో అదంతా ఒళ్ళో ఉంది. ఒక్క లైను ఎక్కలేదు. ఆ పిల్ల ఏమంది? ‘ఈ సంబంధం వద్దు’ అందా? కాబోయే అత్తగారికి ఎదురు చెప్పిందా, ఏడ్చిందా, ఫోను పెట్టేసిందా? రెండుసార్లు బాత్రూమ్ వంకతో లేచి ఆవిడ సీటు మీదుగా నెమ్మదిగా నడిచాను. కళ్ళు మూసుకుని ఉంది. పక్కనున్నాయన సినిమా చూస్తున్నాడు. ఆయనకి తెలిసిపోయి ఉంటుంది. ఆయన్ని చూస్తే ఒళ్ళు మండింది.

డాలస్‌లో ఇమ్మిగ్రేషన్ వరసలో ఆవిడ మా వెనకే నిలబడింది. నేను పుస్తకాన్ని గుండెలకి అడ్డం పెట్టుకున్నాను.

“వేయిపడగలా అన్నయ్యగారూ? నేను మూడుసార్లు చదివాను. గిరిక దాకా వచ్చారా?”

“ఆ... ఇప్పుడే” అన్నాను.

ఆవిడ నవ్వలేదు. గుర్తుకి పెట్టుకున్న బోర్డింగ్ పాస్ ముక్క అట్టకి ఆనుకుని తొంగిచూస్తోంది. దాని వైపు ఓసారి చూసి ఊరుకుంది. వరస నాలుగడుగులు కదిలింది. అప్పుడు మా ఆవిడ, ఆ తర్వాత దారంతా నిద్రపోయిందని నేను నమ్మిన మా ఆవిడ, వెనక్కి తిరిగి అడిగింది:

“ఇంతకీ ఆ పిల్ల ఏమందొదినా?”

ఆవిడ ఓసారి నా వైపు చూసింది. మా ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగి, పెదాలు కదిలాయో లేదో అన్నట్టు చెప్పింది. ఇద్దరూ పమిట చెంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

“ఏమందిటే?” అన్నాను.

“మీరు పుస్తకం చదువుకోండి” అంది మా ఆవిడ.