కారు చూసేముందు గేటు కొలవండి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో బెంజ్, ఆడి, బీఎండబ్ల్యూ ఇప్పుడు వింతేమీ కాదు. కొనేవాళ్లకు ఎదురయ్యే చిక్కల్లా ఒకటే: బీఎండబ్ల్యూ ఎక్స్1, ఆడి క్యూ3 లాంటి చిన్న ఎస్‌యూవీ తీసుకోవాలా, బీఎండబ్ల్యూ ఎక్స్7, బెంజ్ జీఎల్ఎస్ లాంటి పెద్దది తీసుకోవాలా? బంధువులంతా "కొంటే పెద్దదే కొను" అంటారు. నేను చెప్పేవి దానికి అడ్డంగా వెళ్లే సలహాలు. చిన్నది అరకోటి దగ్గర ఉంటుంది, పెద్దది కోటి దాటుతుంది. అంత డబ్బు పెట్టేముందు అడ్డం మాటలు కూడా వినాలి.

1. హైవే మీద నడిపి చూడకండి
65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట నుంచి కోదాడ దాకా ఏ కారైనా హాయిగానే పోతుంది. టెస్ట్ డ్రైవ్‌ను మీ ఇంటి సందులోకి తీసుకెళ్లండి. మిర్యాలగూడ వాళ్లయితే వరికోతలప్పుడు, మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరిన రోడ్డు మీద నడపండి. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి, మిగిలిన సగంలో ఎదురుగా ఆటో వస్తున్నప్పుడు ఏ కారు మీదో తేలిపోతుంది.

2. ముగ్గుపిండి తెచ్చుకోండి
ఎక్స్7 పొడవు 5,181 మిల్లీమీటర్లు, అద్దాలు కలపకుండా వెడల్పు 2,000. అంటే 17 అడుగులు, ఆరున్నర అడుగులు. ఎక్స్1 అయితే 4,500, 1,845. ఈ రెండు కొలతలతో పోర్టికోలో ముగ్గుపిండితో గీతలు గీయండి. తలుపులు తెరుచుకోవడానికి ఇటు రెండడుగులు, అటు రెండడుగులు వదలండి. తులసికోట, మెట్లు, బైకు, నీళ్ల మోటారు గీతల బయటే ఉండాలి. గేటు వెడల్పు, గేటు ముందు మలుపు కూడా కొలవండి. అక్కడ పట్టని కారు రోజూ రాత్రి రోడ్డు మీదే ఉంటుంది.

3. మూడో వరుసలో పిల్లల్ని కూర్చోబెట్టకండి
షోరూంలో పిల్లలు పెద్ద ఎస్‌యూవీ వెనక సీట్లోకి ఒక్క గెంతులో దూకుతారు, ఇంటిల్లిపాదికీ నచ్చేస్తుంది. మీరు నాయనమ్మను తీసుకెళ్లండి. రెండో వరుస సీటు ముందుకు వంచి, ఆమెను ఎక్కమనండి. కాలు ఎత్తి, నడుం వంచి, సీటు పట్టుకుని లోపలికి వెళ్లగలిగితే సరే. లేదంటే మట్టపల్లి ప్రయాణంలో ఆమె కూర్చునేది రెండో వరుసలోనే, మూడో వరుసలోని రెండు సీట్లూ సంచులకే.

4. పెళ్లిళ్లను, జాతరలను లెక్కలోకి తీసుకోకండి
దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది. దాని కోసం రోజూ ఏడు సీట్లు మోయక్కర్లేదు. మామూలు వారంలో కారులో ఎందరు ఎక్కుతున్నారో రాసుకోండి. పెళ్లికి ఇన్నోవా అద్దెకు దొరుకుతుంది.

5. సేల్స్‌మన్ కంటే ముందు టైర్ల షాపాయన్ని అడగండి
పెద్ద ఎస్‌యూవీలకు 20, 21 అంగుళాల చక్రాలుంటాయి. ఆ సైజు టైరు మీ ఊళ్లో దొరుకుతుందా, ధరెంత, ఎన్నాళ్లలో తెప్పిస్తారు? ఇది ముందే తెలియాలి. ఎక్స్7లో ఎయిర్ సస్పెన్షన్ ఉంటుంది. అది మొరాయిస్తే మన మెకానిక్ చేయగలిగింది తక్కువ, కారు ట్రక్కెక్కి హైదరాబాద్ పోవాల్సిందే. కోదాడ వాళ్లకు విజయవాడ దగ్గర కాబట్టి, మీ కంపెనీ సర్వీసు అక్కడ ఉందో లేదో కనుక్కోండి.

6. చిన్నది కదా అని పన్ను తగ్గుతుందనుకోకండి
2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లకు జీఎస్టీ 18 శాతం. కానీ పొడవు 4 మీటర్లు దాటకూడదు, ఇంజిన్ పెట్రోల్‌ది 1,200 సీసీ, డీజిల్‌ది 1,500 సీసీ మించకూడదు. ఎక్స్1 నాలుగున్నర మీటర్లు. కాబట్టి దానికీ ఎక్స్7కూ 40 శాతమే. శాతం మారేది ఎలక్ట్రిక్‌కు, 5 మాత్రమే.

7. డబ్బు చేతికొచ్చిన నెలలో కొనకండి
వడ్లమ్మిన నెలలో, ప్లాటు రిజిస్ట్రేషన్ అయిన వారంలో అందరికీ పెద్ద కారే నచ్చుతుంది. మూడు నెలలు ఆగి, మిల్లు పెట్టుబడి, పిల్లల ఫీజులు కట్టాక చూడండి. అప్పటికీ కావాలనిపిస్తే కొనండి.

వారంలో సగం రోజులు ఆరుగురితో తిరిగేవాళ్లు, ఊరి బయట పెద్ద గేటున్న ఇల్లున్నవాళ్లు పెద్దది నిశ్చింతగా తీసుకోవచ్చు. మిగతావాళ్లకు నా మాట: పెద్దదాంట్లో బేస్ మోడల్ కోసం అప్పు చేయకండి, చిన్నదాంట్లో టాప్ మోడల్ తీసుకోండి. మిగిలిన డబ్బులో కొంత పెట్టి రాత్రి ప్రయాణాలకు మంచి డ్రైవర్‌ను పెట్టుకోండి. రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆగిన లారీని అర్ధరాత్రి వేళ దూరం నుంచే గుర్తుపట్టేది నిద్రమత్తు లేని కళ్లే. మీ ఇంటివాళ్ల ప్రాణాలకు ఆ ఖర్చే ఎక్కువ భరోసా.