ఎత్తు మీద రెండు సెకన్లు

నేను ఏడుగురు కూర్చునే వ్యాన్‌ని. మా వీధిలో అందరూ నన్ను ఆటోమేటిక్ బండి అంటారు. క్లచ్ పెడల్ లేదు గనక ఆ మాట తప్పు కాదు, కానీ అందులో నిజం సగమే ఉంది. మిగతా సగం తెలియకనే, నేను ఎత్తు మీద ఆగి వెనక్కి జారినప్పుడల్లా గేరుబాక్సు పోయిందని జనం హడలిపోతారు. అందుకే ముందు నా కడుపులో ఏముందో చెబుతాను.

సంప్రదాయ ఆటోమేటిక్ బళ్ళలో ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజను వైపు రెక్కలు నూనెను విసురుతాయి, ఆ నూనె తోపుకు ఎదుటి రెక్కలు తిరుగుతాయి. జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫ్యోటింగర్ 1905లో దీనికి పేటెంటు తీసుకున్నది ఓడల కోసం. కార్లలోకి అది తర్వాత ఎప్పటికో వచ్చింది. ఆ జాతి బండిని 'డి'లో పెట్టి బ్రేకు వదిలితే, యాక్సిలేటర్ తొక్కకపోయినా నూనె ముందుకు నెడుతూనే ఉంటుంది. చిన్న ఎత్తు మీద ఆ నెట్టుడే బండిని నిలబెడుతుంది.

నాది ఆ జాతి కాదు. నన్ను ఏ.ఎం.టి. అంటారు. నా లోపల ఉన్నది మామూలు గేరుబాక్సు, మామూలు పొడి క్లచ్ ప్లేటు. మీ ఎడమకాలూ ఎడమచెయ్యీ చేసే పనిని నాలో యాక్చుయేటర్లు చేస్తాయి, అంతే తేడా. మన దేశంలో 2014లో మారుతి సెలేరియోతో ఈ పద్ధతి తక్కువ ధర కార్లలోకి వచ్చింది. గేర్లు మార్చే శ్రమ తప్పి, మోకాళ్ళ నొప్పులున్న ఎంతోమంది మళ్ళీ స్టీరింగ్ పట్టారు. అది నాకు గర్వంగానే ఉంటుంది.

అయితే ఒక సంగతుంది. ఆగినప్పుడు బ్రేకు మీద కాలున్నంతసేపూ నా క్లచ్ విడిపోయి ఉంటుంది. కాలు తీశాకే ప్లేటు మెల్లగా దగ్గరికి జరిగి, తాకి, పట్టుకుంటుంది. ఆ కాస్త వ్యవధిలో ఇంజనుకూ చక్రాలకూ సంబంధం ఉండదు. నా ఖాళీ బరువు టన్నుకు కొంచెం తక్కువ. ఏడుగురు ఎక్కి సామాను కూడా పెడితే టన్నున్నరకు దగ్గరవుతాను. పది మీటర్లకు ఒక మీటరు లేచే రోడ్డు మీద అంత బరువుతో నిలబడితే, దాదాపు నూటయాభై కిలోల బలం నన్ను వెనక్కి లాగుతుంది. పట్టుకునేది ఏదీ లేనప్పుడు జారడం రోగం కాదు, నా తీరే అంత.

ఆ లోటు తీర్చడానికే నాకు హిల్ హోల్డ్ ఇచ్చారు. వాలును ఒక సెన్సార్ కనిపెడుతుంది. మీరు బ్రేకు నుంచి కాలు తీసినా, బ్రేకులను అదుపు చేసే ఏ.బి.ఎస్. యూనిట్ బ్రేకు నూనె ఒత్తిడిని ఇంచుమించు రెండు సెకన్లు చక్రాల దగ్గరే ఆపి ఉంచుతుంది. ఈలోగా ప్లేటు పట్టుకుంటుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1936లోనే అమెరికాలో స్టూడ్‌బేకర్ కార్లకు, క్లచ్ తొక్కి ఉన్నంతసేపు బ్రేకు నూనెను వెనక్కి పోనివ్వని ఏర్పాటు ఉండేది. ఈ రెండు సెకన్లు దక్కకుండా పోతే, మనిషి కాలు బ్రేకు మీంచి యాక్సిలేటర్ మీదికి వెళ్ళేలోపు నేను వెనక్కి పోతాను.

మాది విశాఖపట్నం. మా మాస్టారు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. మా అపార్టుమెంటు సెల్లార్ ర్యాంపు ఏ ఘాట్ రోడ్డుకన్నా నిటారుగా ఉంటుంది. రోజూ పొద్దున్నే నా మొదటి పరీక్ష అక్కడే. పై అంచుకు రాగానే రోడ్డు మీద ఆటో ఏదో అడ్డొస్తుంది, ముక్కు ఆకాశానికెత్తి ఆగాలి. ఇన్నాళ్ళూ అక్కడ నిబ్బరంగా నిలబడిన దాన్ని, వానాకాలం వెళ్ళాక జారడం మొదలుపెట్టాను. తర్వాత సింహాచలం కొండ మలుపులోనూ అలాగే జారాను. వెనక ఒక స్కూటరు, దాని మీద చంటిబిడ్డతో భార్యాభర్తలు. మాస్టారు బ్రేకు అదిమిపట్టారు గనక సరిపోయింది.

అసలు దెబ్బ అరకు దారిలో తగిలింది. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నాం. ముందు బస్సు ఆగిపోయింది, వెనక లారీ ఆనుకుని నిలబడింది. మళ్ళీ జారతానేమోనని మాస్టారు బ్రేకు మీద కాలు పెట్టకుండా, యాక్సిలేటర్ కొద్దిగా తొక్కి నన్ను ఉన్నచోటే నిలబెట్టారు. చూసేవాళ్ళకు బండి కదలకుండా ఉంది. లోపల మాత్రం ఇంజనుకు బిగించిన ఫ్లైవీలు గిర్రున తిరుగుతోంది, దాని మీద నా ప్లేటు సగం పట్టి సగం వదిలి రాసుకుంటోంది. ఆ వేడి పోవడానికి నూనె లేదు, నాది పొడి క్లచ్. కాసేపటికి కాలిన వాసన కారంతా నిండింది. నిలబడి ఉండటానికి బ్రేకు ఉంది, హ్యాండ్ బ్రేకు ఉంది. యాక్సిలేటర్ కదలడానికే తప్ప నిలబెట్టడానికి కాదు. నాలాంటి బళ్ళెన్నో ఘాట్ రోడ్ల మీద ఇలాగే ప్లేట్లు కాల్చుకుంటున్నాయి. మీటరు బోర్డు మీద హెచ్చరిక వచ్చేసరికే ప్లేటు ఆయుష్షు కొంత పోయి ఉంటుంది.

ఇంటికొచ్చాక సలహాలకు కరువు లేదు. పక్క ఫ్లాటాయన గేరు ఆయిల్ మార్చమన్నారు. ఒక వర్క్‌షాపులో బండిని వాలు మీదికి తీసుకెళ్ళి చూడనైనా చూడకుండా క్లచ్ సెట్టు మొత్తం మార్చాలన్నారు. ఆ ఖర్చుకు మాస్టారు నన్ను అమ్మేద్దామనే దాకా వెళ్ళారు. దారి చూపింది మాస్టారి భార్య, మా అమ్మగారు.

"ఏమండీ, మీటర్లో ఆ పసుపు లైటు ఎప్పట్నుంచి వెలుగుతోంది?"

"ఏ.బి.ఎస్. లైటది. బ్రేకులు బాగానే పడుతున్నాయిగా."

"లైటు వెలిగింది, బండి జారడం మొదలైంది. రెండూ ఈ వానల తర్వాతేగా?"

మర్నాడు నన్ను గాజువాక ఆటోనగర్‌లో ఒక కుర్ర మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళారు. అతను రెంచి ముట్టుకోలేదు, ప్రశ్నలతో మొదలెట్టాడు.

"ఏటైంది మాస్టారూ? కొన్న కాణ్ణుంచీ జారుతోందా, ఈ మధ్యనేనా?"

"ఈ మధ్యనే బాబూ. ముందు చక్కగా ఆగేది."

"అయితే దాని గుణం కాదండి, ఏదో పాడైంది."

ఆ ఒక్క ప్రశ్నతో సగం పని అయిపోయింది. టార్క్ కన్వర్టర్ బండైనా ఇదే ప్రశ్న అడగాలి. మొదట్నుంచీ పెద్ద ఎత్తు మీద కాస్త జారుతుంటే అది సహజం. కొత్తగా చిన్న ఎత్తు మీద కూడా జారుతుంటే గేరుబాక్సు నూనె తగ్గిందా, నల్లబడి మాడు వాసన వేస్తోందా, ఇంజను ఐడ్లింగ్ మరీ పడిపోయిందా చూడాలి. నాలాంటి దానికి వెతకాల్సిన చోట్లు వేరు.

అతను బ్రేకు తొక్కమని వెనక నిలబడి, ఎర్ర లైట్లు వెలుగుతున్నాయో లేదో చూశాడు. బ్రేకు తొక్కినట్టు నాకు కబురు చెప్పేది పెడల్ దగ్గరున్న ఆ చిన్న స్విచ్చే. అది పనిచెయ్యకపోతే మిగతాదంతా తలకిందులవుతుంది. అది బాగానే ఉంది. తర్వాత దగ్గర్లోని ఎత్తు మీద ఆపి, బ్రేకు వదిలి చూశాడు. పట్టు లేదు, వెంటనే జారాను. స్కానర్ పెడితే వెనక ఎడమ చక్రం స్పీడ్ సెన్సార్ నుంచి సిగ్నల్ లేదని వచ్చింది. చక్రం పక్కన వైరు కనెక్టర్ ఊడదీస్తే లోపల పిన్నులకు పచ్చటి చిలుము పట్టి ఉంది. ఉప్పుగాలికి వాననీళ్ళు తోడైతే రాగికి పట్టేది అదే. ఒక చక్రం లెక్క అందకపోతే ఏ.బి.ఎస్. యూనిట్ తన పని మానుకుంటుంది, దాని మీద ఆధారపడ్డ హిల్ హోల్డూ ఆగిపోతుంది. మామూలు బ్రేకులు పడతాయి గనక తేడా తెలియదు.

పిన్నులు శుభ్రం చేసి, కనెక్టర్ మార్చి, నీళ్ళు దిగకుండా రబ్బరు సీలు వేశాడు. పసుపు లైటు ఆరింది. అంతటితో వదిలెయ్యలేదు, అందుకే అతనంటే నాకు అభిమానం. ప్లేటు అరిగేకొద్దీ అది ఫ్లైవీలును తాకే చోటు మారుతుంది. కంప్యూటరుకు పాత లెక్కే గుర్తుంటే పట్టు ఆలస్యమవుతుంది. స్కానర్ ద్వారా ఆ చోటును నాకు మళ్ళీ నేర్పించాడు. ఇంజను నడుస్తుండగా యాక్చుయేటర్ టక్కుటక్కుమంటూ క్లచ్‌ను తెరిచి మూసి కొత్త కొలత రాసుకుంది. ప్లేటు మందం ఇంకా బానే ఉందని, సెట్టు మార్చక్కర్లేదని చెప్పాడు.

"ట్రాఫిక్‌లో ఎత్తు మీద ఆగితే హ్యాండ్ బ్రేకు లాగెయ్యండి మాస్టారూ. కదిలేటప్పుడు యాక్సిలేటర్ ఇవ్వండి, బండి ముక్కు కొంచెం లేచి లాగుతున్నట్టు అనిపించాక హ్యాండ్ బ్రేకు దించండి. మరీ నిటారుగా ఉంటే మాన్యువల్‌లో ఒకటో గేరు పెట్టుకోండి."

"మరి ఆ రెండు సెకన్లు?"

"అది కాలు మార్చుకోడానికండి, కూర్చోడానికి కాదు."

ఇంకో ముఖ్యమైన మాట కూడా చెప్పాడు. నాకు 'పి' గేరు లేదు. ఎత్తు మీద న్యూట్రల్‌లో వదిలేసి దిగిపోతే హ్యాండ్ బ్రేకు ఒక్కటే నా ఆధారం, దాని కేబుల్ సాగి ఉంటే అదీ ఉండదు. ముక్కు ఎత్తు వైపు ఉంటే ముందు గేరులో, పల్లం వైపు ఉంటే రివర్సులో పెట్టి, కాలి బ్రేకు వదలకుండా హ్యాండ్ బ్రేకు లాగి, అప్పుడు ఇంజను ఆపాలి. ఇంజను ఆగగానే నా క్లచ్ మూసుకుంటుంది, గేరే చక్రాలను పట్టి ఉంచుతుంది. యారాడ కొండ మీద సముద్రం చూడ్డానికి దిగే కుటుంబాల్లో పిల్లలు బండి వెనకే ఆడుకుంటుంటారు. వాళ్ళ కోసమైనా ప్రతి ఏ.ఎం.టి. బండి యజమానికీ ఇది తెలియాలి.

ఇప్పుడు అమ్మగారు నన్ను నడపడం నేర్చుకుంటున్నారు. మాస్టారు ఆవిణ్ణి ముందు మైదానానికి తీసుకెళ్ళలేదు, సెల్లార్ ర్యాంపు దగ్గరే మొదలుపెట్టించారు. హ్యాండ్ బ్రేకు ఎప్పుడు దించాలో ఆవిడకు ఇంజను చప్పుడును బట్టే తెలిసిపోతోంది. వచ్చే శనివారం సింహాచలం ఘాట్ మీద స్టీరింగ్ ఆవిడదే.