14 గంటల 45 నిమిషాలకు టీకా తాత్పర్యం

మూలము: హైదరాబాదు నుండి షికాగోకు దూరము 13,282 కిలోమీటర్లు; విమాన సమయము 14 గంటల 45 నిమిషములు.

అవతారిక: కూతురి పురిటికి ఒంటరిగా బయలుదేరు తల్లికి ట్రావెల్ ఏజెంటు గాని, అక్కడి మేనల్లుడు గాని ధైర్యము చెప్పుచు పఠించు వాక్యమిది. సెకనులు విడిచిపెట్టుట వారి వినయము.

టీక: 'హైదరాబాదు', 'షికాగో' సుగమములు. 'దూరము' అనగా గుండ్రని భూమిపై రెండు ఊళ్ల నడుమ అతి పొట్టి దారి. అది ఉత్తర ధ్రువము దాపున, 79 డిగ్రీల అక్షాంశము వరకు ఎక్కి దిగును. విమానము ఆ గీతనే పట్టి పోవునా అని శంక. పోదు. గాలులును, దేశముల అనుమతులును దానిని వంచును. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలమును మన విమానములకు మూసివేయగా ఎన్నో దారులు మరింత పొడుగైనవి. 'సమయము' అనగా ఆ పొట్టి దారిని గంటకు 900 కిలోమీటర్ల వేగముతో భాగింపగా వచ్చినది. ఎదురుగాలి భాగహారమునకు తగలదు.

విశేషము: దారి చెప్పుటలో మేఘసందేశపు యక్షుడు ప్రమాణము. ముందు దారి విను, ఇల్లాలికి చేర్చు కబురు తరువాత అని మేఘునితో అన్నాడు. అలసినప్పుడు కొండకొమ్ముల మీద కాలు మోపమన్నాడు, చిక్కినప్పుడు ఏటినీళ్లు తాగమన్నాడు. ఉజ్జయిని చుట్టుదారేనని ఒప్పుకొని మరీ వెళ్లమన్నాడు. అక్కడ మహాకాళుని కోవెలలో సంధ్యపూజ వేళదాకా ఆగమన్నాడు. మేఘుని ఇల్లాలు మెరుపు అలసి ఉంటుందని, పావురాలు నిద్రించే మేడపై రాత్రి గడపమన్నాడు. తానున్న రామగిరి నుండి ఇల్లాలున్న అలకకు ఎన్ని యోజనములో మాత్రము చెప్పలేదు. ఈ కావ్యమునకు సంజీవని వ్యాఖ్య వ్రాసిన మన మెదకు సీమ మల్లినాథసూరి, అనవసరమైనది చెప్పనని ముందే మాట ఇచ్చెను. నేనట్టి మాట ఇవ్వలేదు గనుక యక్షుని విరహము గూర్చి ఇంకొంత... ఏమి చెప్పుచుంటిమి? షికాగో.

శంక: 14 గంటల 45 నిమిషములలో మూడు గంటల ముందు చేరుట కలదా? లేదు. నడుమ విమానము మారుట? లేదు. ఇమిగ్రేషన్ వరుస? లేదు. కొక్కెపు త్రాసుకు పెట్టె వేలాడదీసి, 23 కిలోలు దాటెనని ఆవకాయ సీసా తీసి, మనసొప్పక మరల దూర్చిన రాత్రి? అదియు లేదు.

విమానం మారేచోట ఆ తల్లిని వీల్‌చైర్‌లో తెచ్చిన కుర్రాడు గేటు దగ్గర వదిలి వెళ్లిపోతాడు. బాత్రూముకు లేస్తే ఈలోగా పిలుస్తారేమోనని ఆవిడ లేవదు. లేవాల్సి వస్తుందని నీళ్లూ తాగదు. ఒళ్లో హ్యాండ్‌బ్యాగు, పిడికిట్లో బోర్డింగ్ పాసు, ఎదురుగా తనకు చదవరాని తెర. ఈ గంటలు ఎవరి లెక్కలోవి?

తాత్పర్యము: గడప నుంచి గడపకు ఒక పగలూ ఒక రాత్రీ దాటుతాయి. విమానం ఎక్కడ మారాలో, అక్కడ ఎంతసేపు ఆగాలో, ఎవరిని అడగాలో, లేవడానికి వేళ ఎప్పుడు చిక్కుతుందో పెద్దక్షరాల తెలుగులో ఒక కాగితం మీద రాసి ఆమె చేతికివ్వండి. నిమిషాలు మీరే ఉంచుకోండి.