రూముల కాకా

సూరత్ రింగ్ రోడ్డు దాటి సలాబత్‌పురా సందుల్లోకి దిగినవాడికి ముందు చీరల మూటలు తగులుతాయి. తర్వాత ఆ మూటలు మోసే తోపుడుబండ్లు తగులుతాయి. రెండింటినీ తప్పించుకున్నవాడికి టీ కొట్టు దగ్గర రూముల కాకా తగులుతాడు. ఆయన్ని తప్పించుకున్నవాళ్ళు ఇంతవరకు లేరు.

ఆయనకు ఆఫీసు లేదు, బోర్డు లేదు. చొక్కా జేబులో రెండు ఫోన్లు, చేతిలో ఓ తాళాల గుత్తి, అదే దుకాణం. ఆ గుత్తిలో ఏ తాళంచెవి ఏ ఇంటిదో ఆయనకే తెలియదు. తలుపు ముందు నిలబడి ఒక్కొక్కటే పెట్టి చూస్తాడు. తెరుచుకుందా, అదే మనకు రాసిపెట్టిన రూము. తెరుచుకోలేదా, "గీ ఇల్లు మంచిగ లేదు తియ్యి బిడ్డా, వాస్తు తేడా" అంటూ మెట్లు దిగిపోతాడు.

సొంతూరు సిరిసిల్ల పక్కన. మీసాలు రాని వయసులో మరమగ్గాల మీద పనికి సూరత్ వచ్చాడు. చూపు మందగించి దారం ఎక్కడ తెగిందో కనపడకపోయేసరికి మగ్గం వదిలేశాడు గాని ఊరు వదల్లేదు. ఇలాంటి కాకా ఈయన ఒక్కడే కాదు. లింబాయత్‌లో ఒకరున్నారు, ఉధనాలో ఒకరున్నారు. భివండీలోనూ సోలాపూర్‌లోనూ ముంబయిలోనూ ఉన్నారు. నేతపని మన పద్మశాలీలను ఎక్కడెక్కడికి తీసుకుపోయిందో అక్కడల్లా ముందు ఒక మార్కండేయుడి పటం వెలిసింది, ఆ పటం కింద కూర్చుని కొత్తగా వచ్చినవాళ్ళకు చోటు చూపించే మనిషి ఒకడు తయారయ్యాడు. వెనకటికి ఆయన చోటు చూపించింది మగ్గం పనివాళ్ళకు. ఇప్పుడు ఇంజనీరింగ్ పిల్లలకు.

పిల్లలకేం కొదవ? 1961లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీగా పుట్టి 2002లో ఎన్ఐటీ అయిన ఎస్‌వీఎన్ఐటీ ఈ ఊళ్ళోనే ఉంది. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రానికి, మిగతా సగం బయటివాళ్ళకు. ఆ బయటి సగంలో మనవాడు లేని ఎన్ఐటీని చూపించినవాడికి సన్మానం చెయ్యొచ్చు. అది కాక వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం ఉంది, ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, ప్రైవేటు కాలేజీలు సరేసరి. మొదటి ఏడాది ప్రతివాడూ బుద్ధిగా హాస్టల్లోనే ఉంటాడు. నాన్న స్వయంగా వచ్చి, వార్డెన్‌కు నమస్కారం పెట్టి, కొత్త బకెట్ కొనిచ్చి వెళ్ళాడు కాబట్టి. ఏడాది తిరిగేసరికి బకెట్ పగులుతుంది, నమస్కారం పాతబడుతుంది, మెస్సులో బెల్లం వేసిన పప్పు చూస్తే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. కొందరికి పై తరగతికొచ్చాక హాస్టల్లో చోటుండదు. కొందరికి చోటున్నా స్వతంత్రం కావాలి. స్వతంత్రం అంటే ఆ వయసులో కారప్పొడి డబ్బా పెట్టుకోవడానికి ఒక గూడు, రాత్రి రెండింటికి లైటు ఆర్పమనేవాడు లేకపోవడం.

సరే, స్వతంత్రం కోసం మొదట కాలేజీ చుట్టుపక్కల పిప్‌లోద్, వేసూ వైపు తిరుగుతారు. అక్కడి ఫ్లాట్లు బాగుంటాయి, అద్దెలు ఇంకా బాగుంటాయి. దళారీ ఒక నెల అద్దె తనకు, రెండు నెలలది ఇంటాయనకు ముందే కట్టమంటాడు. ఈ లెక్క ఫోన్లో వినగానే నాన్న కాసేపు మాట్లాడడు. తర్వాత, "మన నవజీవన్‌లో ఒకాయన కలిశాడురా, సూరత్‌లో మనవాళ్ళెవరో ఉన్నారట, నంబరు పంపుతున్నా" అంటాడు. వరంగల్ నుంచి సూరత్ దాకా నవజీవన్ ఎక్స్‌ప్రెస్సులో బెర్తు నుంచి బెర్తుకు చేతులు మారే ఆ నంబరు కాకాది.

కాకా ముందుగా రూము చూపించడు. ముందు కుర్రాణ్ణి చూస్తాడు. టీ చెప్పి, సాసరులో పోసి, ఊదుకుంటూ మొదలుపెడతాడు.

"ఏ ఊరు బిడ్డా?"

"గుంటూరండి, అంకుల్."

"అంకుల్ గింకుల్ వద్దు, కాకా అను. గుంటూరుల ఏడ?"

"తెనాలి దగ్గరండి."

"తెనాలోళ్ళు ఇద్దరు మా సేటు దగ్గర చీరలు కొంటరు. మీ నాయినకు ఎరుకుంటరేమో అడుగు."

కుర్రాడు అడగడు. అడిగినా నాన్నకు తెలియదు. అయినా చుట్టరికం కుదిరిపోయింది. ఇక "మీరు" అనే మాట ఆ టీ గ్లాసులోనే కరిగిపోయి, కుర్రాడు కాకా సొత్తయిపోతాడు.

తర్వాత ప్రదర్శన. కాకా పద్ధతి తెలియని కుర్రాళ్ళు ఆయన వర్ణనల్ని నమ్మి మోసపోతుంటారు. "మస్తు గాలొస్తది" అంటే కిటికీకి తలుపు లేదని అర్థం. "చుట్టూ మనుషులే, భయం లేదు" అంటే స్నానాల గది అందరికీ ఒక్కటే. "నీళ్ళకు రంది లేదు" అంటే పొద్దున ఐదింటికి లేచి పట్టుకుంటే రంది లేదు. "కాలేజీకి పక్కనే" అన్నది మాత్రం పూర్తిగా కవిత్వం. కాలేజీ ఊరికి ఆ కొసన డూమస్ రోడ్డు మీద ఉంటుంది. ఆయన లెక్కలో ఒక్క బస్సులో పోగలిగినదంతా పక్కనే. పోనీ ముంబయి ఎంత దూరం అని అడిగి చూడండి, అదీ ఒక్క రైలే.

మొదటి రూము ఒక ఖాతా పైన ఉంటుంది. ఇక్కడ మరమగ్గాల షెడ్డును ఖాతా అంటారు. కింద మగ్గాలు నడుస్తుంటే పైన నేల వణుకుతుంది, నేల మీద మంచం వణుకుతుంది, మంచం మీద కుర్రాడు పుస్తకం పట్టుకుంటే అక్షరాలు వణుకుతాయి. "చప్పుడు కాదా కాకా?" అని అడిగితే ఆయన చెవిదగ్గర చెయ్యిపెట్టి, "ఏం చప్పుడు?" అంటాడు. అది హాస్యం కాదు. నలభై ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడ్డ చెవులకు ఆ చప్పుడు నిజంగానే వినిపించదు, అది ఆగినప్పుడే ఏదో వినిపిస్తుంది.

రెండో రూములో ఇల్లుగలామె ఉంటుంది. గుజరాతీ మాట్లాడుతుంది, కళ్ళతో కొలుస్తుంది. అసలు ప్రశ్న ఒకటే: మాంసాహారమా? సలాబత్‌పురా విచిత్రమైన పేట. ఒక గల్లీలో ఉల్లిపాయ మీద కూడా అనుమానమే. పక్కనే ఝాంపా బజార్ వైపు నుంచి కబాబుల పొగ కమ్ముకొస్తుంటుంది. కాకా ఒక అడుగు ముందుకేసి, "ఛోకరో సారో ఛే" అని పూచీ పడతాడు. పిల్లాడు మంచివాడు, ఇంట్లో గుడ్డు కూడా వండడు. పిల్లాడు నోరు తెరవబోతే కాలు తొక్కుతాడు. బయటకొచ్చాక విడమరిచి చెబుతాడు: "నేను అబద్ధం ఆడిన్నా? ఇంట్ల వండవు గద! బయట తిను." బయట తినడానికి సూరత్ కన్నా మేలైన ఊరు లేదు. తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలి అని గుజరాతీల సామెత. పైగా గుడ్డును ఉడికించి, తురిమి, మసాలాలో కలిపి, పైన మరో గుడ్డు కొట్టి అండా ఘోటాలా అనే వంటకాన్ని తోపుడుబండ్ల మీద అమ్మే ఊరు ఇది. గుడ్డు వాసన పడని ఇంటామె గారి కొడుకు రాత్రి పదింటికి అక్కడే కనిపిస్తాడు. ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టు తింటారు. కాలక్రమంలో అదే ఆ ఇంట్లో వాళ్ళ స్నేహానికి పునాది.

రూము కుదిరాక కాగితాలు. ఒప్పందం 11 నెలలకు రాస్తారు. ఏడాది దాటిన కిరాయి ఒప్పందాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్పింది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి దేశమంతా 11 దగ్గర ఆగిపోయింది. ఇంజనీరింగ్ బుర్ర ఊరుకోదు కదా.

"ఏడాదికి 12 నెలలు కదా కాకా, ఆ మిగిలిన నెల నేనెక్కడ ఉండాలి?"

"ఎండకాలం మీ అమ్మను సూడవోవా?"

చట్టం చేసినవాళ్ళకు కూడా తట్టని సమాధానం. ఆ తర్వాత అద్దెకున్నవాళ్ళ వివరాలు పోలీసుస్టేషన్లో ఇచ్చే పని. ఆ ఫారం మీద స్థానికంగా తెలిసినవారు అని గడి ఉంటే చాలు, కాకా కలం తీస్తాడు. తెలుగు పిల్లలు ఎంతమంది ఆ గడిలో ఆయన పేరు రాశారో చూస్తే సూరత్‌లో అంత పెద్ద కుటుంబం ఇంకొకటి లేదనిపిస్తుంది.

ఆడపిల్లలకు రూము కావాలంటే కాకా రాడు, ఆయన భార్య కాకమ్మ వస్తుంది. ఆమె పద్ధతి వేరు. గదివైపు కన్నెత్తి చూడదు. నేరుగా వంటింట్లోకి వెళ్ళి ఇల్లుగలామె పక్కన పీట వేసుకుని కూర్చుని, చిక్కుళ్ళు ఒలిచిపెడుతూ, ఇంట్లో ఎంతమంది మగవాళ్ళు, ఎవరికి తాగుడు, ఎవరికి కోపం, కోడలు పుట్టింటికి ఎన్నాళ్ళకోసారి పోతుంది అన్నీ రాబడుతుంది. చిక్కుళ్ళు అయ్యేసరికి తీర్పు కూడా అయిపోతుంది. కాకా కుదిర్చిన రూముల మీద ఫిర్యాదులు లెక్కకు మిక్కిలి. కాకమ్మ కుదిర్చిన వాటి మీద ఇంతవరకు ఒక్కటీ లేదు. ఈ సంగతి ఎత్తితే కాకా మాట మారుస్తాడు.

ఇంతా చేసి దలాలీ తీసుకుంటాడా అంటే, చేతులతో చెవులు మూసుకుంటాడు. "మనోళ్ళ దగ్గర పైసలా!" పైసలు తీసుకోడు నిజమే. ఆ నెలలోనే ఆయన ఫోనుకు ఏదో అయి, "జర చూడు బిడ్డా" అని వస్తాడు. తర్వాత మనవడి సైన్సు ప్రాజెక్టు. తర్వాత ఆధార్‌లో తప్పుపడిన పుట్టినతేదీ. దసరా సెలవులకు నవజీవన్ ఎక్కడానికి ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి కాకా అక్కడే ఉంటాడు, పక్కన ఒక సంచి ఉంటుంది. "వరంగల్ల మా తమ్ముడు వచ్చి తీస్కుంటడు." సంచిలో బతుకమ్మ పండక్కి చీరలు. తిరుగు ప్రయాణంలో అదే సంచిలో సకినాలు, మామిడి తొక్కు. నాలుగేళ్ళ చదువులో మోసిన సంచులకు కూలి కడితే దలాలీ ఎన్నిసార్లు ఇచ్చుకున్నట్టో లెక్కేసిన మెకానికల్ విద్యార్థి ఒకడు కాగితం చించి పారేశాడట.

కూలి ఒక్కటే కాదు, వినడం కూడా అద్దెలో భాగం. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చిందని ఊరు ఊరంతా రైళ్ళెక్కి పారిపోయిన కథ ప్రతి అద్దెదారూ కనీసం ఒకసారి వినాలి. "నేను పోలె. సూరత్‌ల రూములన్నీ ఖాళీగున్నది గప్పుడొక్కసారే" అంటాడు, మంచి బేరం చేజారినవాడి విచారంతో. ఆ మరుసటేడు మునిసిపల్ కమిషనరుగా వచ్చి చెత్తలో మునిగిన ఊరిని దేశంలోనే శుభ్రమైన నగరాల్లో ఒకటిగా మార్చిన ఎస్.ఆర్. రావు తెలుగువాడు కావడం కాకాకు సొంత విజయం. రావు గారికి ఆయన ఎదురుపడిన దాఖలా లేదు. కానీ కథ సాగేకొద్దీ చీపురు ఎక్కడ పెట్టాలో సలహా ఇచ్చింది ఈయనేనేమో అనిపిస్తుంది.

రూము అగ్గిపెట్టెలా ఉందని ఎవరైనా అన్నప్పుడు మాత్రం కాకా కథలు చెప్పడు, కాసేపు నవ్వుతాడు. ఆయన వచ్చిన కొత్తలో పన్నెండు గంటల షిఫ్టులు. ఒక గదిలో పగటివాళ్ళు లేస్తే రాత్రివాళ్ళు వచ్చి అదే చాప మీద ఒరిగేవాళ్ళు. చాప చల్లారేది కాదు. మనవాళ్ళు ఆ గదుల్లోంచి బయటపడ్డారు గాని గదులు ఖాళీ కాలేదు. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చిన మగ్గం పనివాళ్ళు ఇప్పటికీ అలాగే వంతులేసుకుని పడుకుంటున్నారు. ఆ కొలబద్దతో కొలిచే మనిషికి ఒక్కడికి ఒక గది, ఆ గదికో ఫ్యాను అంటే మహలే. ఆయన వర్ణనల్లో అబద్ధం ఉన్నా కపటం లేనిది అందుకే. కుర్రాడు ఫోన్లో చూసిన ఫోటోలతో పోల్చి కొలుస్తాడు. ఈయన తన చాపతో పోల్చి కొలుస్తాడు. రెండు కొలతలూ ఎప్పటికీ కలవవు. రూము మాత్రం కుదిరిపోతుంది, ఎందుకంటే సాయంత్రమైంది, సంచి భుజం కోస్తోంది, పైగా కాకా అప్పుడే ఇంకో టీ చెప్పేశాడు.

ఇంతమందికి ఇళ్ళు చూపిన ఈయన మాత్రం ఎక్కడుంటాడు? మేడ మీద, అద్దెకు. 11 నెలల ఒప్పందం మీద. ఆ 11 నెలల్ని ఎన్నిసార్లు తిరగరాశారో ఇంటాయనకే గుర్తులేదు. గదికి కిటికీ ఒక్కటే, నీళ్ళు ఐదింటికే, కింద ఖాతా. చదువైపోయి ఊరికి వెళ్ళిపోతున్న పిల్లాడొకడు చొరవ తీసుకుని అడిగాడట:

"ఊళ్ళో అన్ని మంచి రూములు నీ చేతిలోనే ఉన్నాయి కదా కాకా, ఒకటి నువ్వే తీసుకోలేకపోయావా?"

కాకా తాళాల గుత్తి జేబులో వేసుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడట:

"పిచ్చోడా, అన్ని రూములు చూసినోణ్ణి నేనే గదరా. ఒక్కటన్న మంచిగుంటే మీదాంక రానిస్తనా?"