టెంట్ హౌస్ వారి స్కౌట్ క్యాంపు

శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరే స్కౌట్ క్యాంపుకి స్కూలువాళ్లు ఇచ్చే సామాన్ల జాబితా మీకు తెలిసిందే. దుప్పటి, టార్చిలైటు, కంచం, గ్లాసు, దోమల మందు, తాడు. తాడు తప్ప అన్నీ వాడకంలోకి వస్తాయి. అది మాత్రం కొట్టువాడు చుట్టిన కాగితం పట్టీ కూడా ఊడకుండా భద్రంగా తిరిగొస్తుంది. కొన్నాళ్లుగా నా బుర్ర తొలుస్తున్నది ఈ తాడే. కారణం వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. చాలాచోట్ల పిల్లలు బస్సు దిగేసరికే గుడారాలు లేచి ఉంటాయి. వేసింది టెంట్ హౌస్ వాళ్లు. వంట కేటరింగ్ వాళ్లది. క్యాంప్ ఫైర్‌కి కట్టెలు పేర్చి కిరసనాయిలు పోసేది వాచ్‌మన్. పిల్లలకు మిగిలేవి ఈల, ఫోటో. 'సిద్ధంగా ఉండు' అన్నది స్కౌట్ల నినాదం కదా, అన్నీ సిద్ధంగానే ఉంటాయి, ఒక్క పిల్లాడు తప్ప.

టెంట్ హౌస్ వాళ్ల మీద నాకేం కోపం లేదు. తెలుగునాట పెళ్లయినా పెద్దకర్మయినా, వినాయకచవితైనా పార్టీ మీటింగైనా వాళ్లు రానిదే మొదలవదు. రోడ్డుకి అడ్డంగా షామియానా వేసి ట్రాఫిక్‌ని పక్క సందులోకి తోలే అధికారం పోలీసుల తరవాత వాళ్లకే ఉంది. తారురోడ్డులో గుంట తియ్యడానికి మున్సిపాలిటీకి ఆరు నెలలు కావాలి, వాళ్లకు ఆరు గునపం పోట్లు చాలు. 200 కుర్చీలు దించి, మర్నాడు 198 అని లెక్క తేల్చి, ఆ రెండింటి ఖరీదూ అప్పగింతల ఏడుపుల మధ్య పెళ్లికూతురి తండ్రి దగ్గర రాబట్టగల నిబ్బరం ఏ ఆడిటరుకుంది? ఇక వాళ్ల ముడి చూడాలి. బొంగుకి ఒక చుట్టు, దాన్ని దాటిస్తూ మీదుగా ఇంకో చుట్టు, కొస ఆ దాటిన తాడు కిందికి దూర్చి ఒక్క లాగు. అరనిమిషం కూడా పట్టదు, పైగా నోట్లో బీడీ కదలదు. ఇదే ముడిని స్కౌట్ పుస్తకం క్లోవ్ హిచ్ అని పేరు పెట్టి, బొమ్మలు గీసి, బాణం గుర్తులు వేసి నేర్పుతుంది. మన పిల్లాడు ఆ బొమ్మను నోట్‌బుక్కులో చక్కగా దించి, కింద గీత కూడా కొడతాడు.

1907 ఆగస్టులో స్కౌటింగ్‌కి ఆద్యుడైన బేడెన్ పోవెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో మొదటి క్యాంపు పెట్టినప్పుడు, 20 మందికి అటూఇటూగా ఉన్న పిల్లల్ని నాలుగు దళాలు చేసి, ఒక్కో దళాన్నీ ఒక పెద్దపిల్లాడి చేతిలో పెట్టాడు. మంచైనా చెడైనా వాడిదే పూచీ. యుద్ధాలు చేసొచ్చిన సైన్యాధికారికి ఆజ్ఞలివ్వడం చేతకాకనా? 1950లో ఏర్పడ్డ మన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌ది కూడా, కాగితం మీద, ఇదే పద్ధతి. "పాములుంటాయండీ, ఎండలు చూశారా" అంటారు తల్లిదండ్రులు. తీసిపారేయదగ్గ భయం కాదు. 2023 ఆగస్టులో దక్షిణ కొరియాలోని సేమాంగుమ్‌లో ప్రపంచ స్కౌట్ల మేళా అయిన జాంబొరీకి 40 వేలమందికి పైగా వెళ్తే, వందలమంది ఎండకు జబ్బుపడ్డారు, చివరికి తుఫాను వస్తోందని మొత్తం మైదానమే ఖాళీ చేయించారు. కానీ అక్కడ లోపించినవి నీడ, మరుగుదొడ్లు, ముందుచూపు. మూడూ పెద్దలు చూసుకోవలసినవి. చోటు ఎంచడం, మంచినీళ్లు, మందులపెట్టె, దగ్గర్లో ఆస్పత్రి ఉందో లేదో కనుక్కోవడం మన పని. మేకు దిగ్గొట్టడం పిల్లల పని. మనం వాళ్ల పని చేసేసి, మన పని దేవుడికి వదిలేస్తున్నాం. "రెండు రోజుల్లో ఏం నేర్చుకుంటారు, గుడారం వంకరగా వస్తుంది" అంటారా? రానివ్వండి. అర్ధరాత్రి అది నెత్తిన కూలితే ముడి ఎందుకు జారిందో ఏ మాస్టారూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను గానీ, ఒకచోట నవ్వు రావడం లేదు. టెంట్ హౌస్ ట్రాలీ ఆటోలో బొంగుల మీద కూర్చుని వచ్చే కుర్రాడికి పదహారేళ్లుంటాయేమో. స్కౌటు ఈడే. బ్యాడ్జికి కావలసిన ముడులన్నీ వాడి వేళ్లలో ఉన్నాయి. మెడలో స్కార్ఫు లేదు, చేతిలో పుస్తకమూ లేదు. తను వేసిన గుడారం ముందు తన ఈడు పిల్లలు ఫోటోలు దిగుతుంటే కాసేపు చూసి, ఇంకో పెళ్లి పందిరికి వెళ్లిపోతాడు. బ్రౌన్‌సీకి బేడెన్ పోవెల్ ఈటన్, హారో లాంటి కలవారి బడుల పిల్లలతో పాటు శ్రామికుల పిల్లల్నీ పనిగట్టుకుని పిలిచాడు. ఫీజు ఉన్నవాళ్లకు ఒక పౌండు, లేనివాళ్లకు మూడున్నర షిల్లింగులు. ఈల, టోపీ, స్కార్ఫు అన్నీ తెచ్చుకున్నాం, అందర్నీ కలుపుకునే ఈ పద్ధతినొక్కదాన్నీ దీవిలోనే వదిలేశాం.

హెడ్మాస్టర్లకూ తల్లిదండ్రులకూ నాదొక మనవి. టెంట్ హౌస్ వాళ్లను పిలవడం మానకండి, ఇచ్చే డబ్బులో పైసా తగ్గించకండి. గుడారం వేసిపొమ్మని మాత్రం పిలవకండి, వేయడం నేర్పమని పిలవండి. ఆ కుర్రాడికి మాస్టారి పక్కన ఒక కుర్చీ వేయించండి. కుర్చీలు ఎలాగూ వాడే తెస్తాడు.